గుండ్ల పెట్టెల మీద 2,564 పేర్లు

ఫిరంగి గుండ్లు వచ్చిన చెక్కపెట్టెలు ఖాళీ అయ్యాక సైనికులు వాటిని ఏం చేస్తారు? మంచుకొండల్లో అయితే చలిమంట వేసుకుంటారు, లేదంటే తడి నేల మీద పరుచుకుని పడుకుంటారు. 1916లో ఆస్ట్రియా-హంగేరీ సైన్యంలోని మూడో పర్వత బ్రిగేడ్ వాళ్ళు మాత్రం ఆ పెట్టెలు విప్పి, పలకలు చేసి, చనిపోయిన తమ తోటివాళ్ళ పేర్లను వాటి మీద కాల్చి రాశారు. మొత్తం 2,564 పేర్లు. ఆ పలకలు పెట్టుకోవడానికి కొండ మీద ఒక చర్చి కట్టారు. దాని పేరు యావొర్ట్సా. స్లొవేనియాలో టోల్మిన్ అనే చిన్న పట్నానికి ఎగువన, ట్రిగ్లావ్ నేషనల్ పార్కులో ఉంది.

మొన్న ఎండాకాలం చూసొచ్చాను. వచ్చినప్పటి నుంచి హనుమకొండలో ఏ స్తూపం ముందు నుంచి పోయినా ఒళ్ళు మండుతోంది. ఎందుకో చెప్తాను. కాస్త పొడుగు పోస్టు, ఓపికుంటే చదవండి.

మా అక్క కొడుకు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తాడు. "రా మామా, నాలుగు దేశాలు తిప్పుత" అంటే పోయాను. ఈ చర్చి సంగతి చెప్పేసరికి వాడికి మొహం మాడింది. "అందరూ బ్లెడ్ సరస్సు కాడ ఫోటోలు దిగుతరు. నువ్వేంది మామా, సచ్చిపోయినోళ్ళ చర్చి చూస్త అంటవ్?" అన్నాడు. బ్లెడ్ కూడా చూశాం లెండి. బాగుంది. అంతకంటే దాని గురించి చెప్పేదేం లేదు.

అక్కడి నుంచి వ్ర్షిచ్ అనే కనుమ దాటి పోవాలి. 1,611 మీటర్ల ఎత్తు, 50 మలుపులు. ప్రతి మలుపుకూ నంబరు రాసి బోర్డు పెట్టారు. ఈ రోడ్డు మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యన్ యుద్ధ ఖైదీలతో వేయించారు. 1916 మార్చిలో మంచుచరియ విరిగిపడి ఆ ఖైదీల్లో చాలామంది చనిపోయారు. మిగిలినవాళ్ళు రోడ్డు పక్కనే వాళ్ళ పద్ధతిలో చిన్న చెక్క ప్రార్థనాలయం కట్టుకున్నారు. అది ఇప్పటికీ ఉంది. బందీలుగా ఉండి, తిండికి గతిలేని స్థితిలో కూడా చనిపోయిన తోటి ఖైదీల కోసం అంత పని చేశారు. నా బుర్రలో పురుగు అక్కడే దూరింది.

కనుమ దిగితే సోచా నది లోయ. నీళ్ళ రంగు చూస్తే కెమెరాలో ఏదో ఫిల్టర్ పెట్టారనుకుంటాం. ఇటలీ వాళ్ళు ఈ నదిని ఇసొంజో అంటారు. 1915 మే నెలలో ఇటలీ యుద్ధంలోకి దిగిన దగ్గర్నుంచి 1917 శరత్కాలం దాకా ఈ నది పొడవునా 12 యుద్ధాలు జరిగాయి. వాటిలో మొదటి 11 సార్లూ దాడి చేసింది ఇటలీయే. పన్నెండోసారి ఆస్ట్రియా, జర్మనీ కలిసి కోబారిడ్ దగ్గర ఇటలీ వరుసను చీల్చేశాయి. ఒక శిఖరం, ఒక దిబ్బ, ఒక బండ కోసం నెలల తరబడి కొట్టుకున్నారు. చనిపోయినవాళ్ళు లక్షల్లో ఉంటారు. తుపాకులతో పాటు చలి, మంచుచరియలు, రోగాలు కూడా చంపాయి.

టోల్మిన్ నుంచి చర్చికి పోయే రోడ్డు ఒక కారు పట్టేంతే. ఒకవైపు కొండ, ఇంకోవైపు కింద ఎక్కడో టోల్మింకా వాగు. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు రివర్స్‌లో పోవాల్సిందే. మావాడు జర్మనీ హైవేల మీద రెచ్చిపోయి నడిపే రకం. ఇక్కడ నోరు మూసుకుని స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకున్నాడు. వాడి టెన్షన్ చూసి నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఇంకా టెన్షన్ పడతాడని ఆపుకున్నాను. చివర్లో కొంత దూరం నడవాలి.

చర్చి అనగానే నాకు మెదక్ చర్చి కళ్ళ ముందుకొస్తుంది. ఆ గోపురం, ఆ రంగు అద్దాలు, ఆ విశాలం. ఇది దానికి పూర్తిగా వేరు. కింద రాతి పునాది, పైన చెక్క కట్టడం, ముందు ఒక గంట గోపురం. గోడలకు బయటివైపు ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలోని 20 ప్రాంతాల రాజచిహ్నాలు రంగుల్లో వేశారు. గోపురం మీద లాటిన్‌లో పాక్స్ అని ఉంటుంది, శాంతి అని. అటూ ఇటూ ఫిరంగులు మోగుతుండగా రాసుకున్న మాట అది. నక్షా గీసింది రెమిగియస్ గైలింగ్ అనే వియన్నా చిత్రకారుడు. నాటకాలకు రంగస్థల అలంకరణ చేసే మనిషి. అప్పుడు ఆయనా సైన్యంలోనే ఉన్నాడు. దగ్గరుండి కట్టించింది గేజా యాబ్లొన్‌స్కీ అనే హంగేరియన్ లెఫ్టినెంట్. 1916 మార్చి 1న మొదలుపెట్టి నవంబర్ 1కల్లా పూర్తిచేశారు. ఎనిమిది నెలలు! మన కాలనీలో కమ్యూనిటీ హాలుకు శంకుస్థాపన చేసి ఎన్నేళ్ళయిందో మీకు తెలుసు.

లోపలికి పోతే ముందు రంగులు కనిపిస్తాయి. నీలం, నలుపు, తెలుపు, బంగారు రంగు. ఆ తర్వాత మెల్లగా పలకలు కనబడతాయి. పుస్తకం తెరిచిపెట్టినట్టు గోడల పొడవునా వరుసగా అమర్చారు. నేను ఒక పలక దగ్గర వంగి చూశాను. అక్షరాలు చెక్కినవి కావు, పెయింటుతో వేసినవీ కావు, కాల్చినవి. ఒకచోట కడ్డీ మరీ వేడిగా ఉందో, రాసేవాడి చెయ్యి ఒక్క క్షణం ఆగిందో, అక్షరం చుట్టూ చెక్క గోధుమ రంగుకు తిరిగింది. ఆ పక్క అక్షరం మామూలుగానే ఉంది. ఆ రాసినవాడి పేరు కూడా తర్వాత ఏదో ఒక పలక మీదకి ఎక్కి ఉండొచ్చు కదా అని ఒక ఆలోచన వచ్చి పోయింది. పేర్లు ఏ భాషవో చాలా వాటికి నాకు అర్థం కాలేదు. ఆ సైన్యంలో జర్మన్లు, హంగేరియన్లు, చెక్‌లు, పోలిష్‌వాళ్ళు, రొమేనియన్లు, స్లొవేనియన్లు, బోస్నియా వాళ్ళు అందరూ ఉండేవాళ్ళు. మావాడు నా వెనక నిలబడి ఫోన్ జేబులో పెట్టుకుని చదువుతున్నాడు. సరిగ్గా పలకడం రాకపోయినా ఒక్కో పేరూ నోటితో అంటున్నాడు. వాడి చేత నేను చదివించలేదు, చెప్పలేదు కూడా. పేరు రాసి ఉంటే మనిషి చదువుతాడు. అంకె రాసి ఉంటే చూసి పోతాడు.

అలాగని ఆ చర్చిని నెత్తిన పెట్టుకోను. అది ఒక సైన్యం కట్టుకున్నది, ఒక చక్రవర్తి చిహ్నాల కింద కట్టుకున్నది. ఆ సామ్రాజ్యం రెండేళ్ళకే, 1918లో ముక్కలైపోయింది. ఎవరి కోసం చచ్చారో ఆ రాజ్యమే లేదు. ఎదుటి కొండ మీద చనిపోయిన ఇటలీ పిల్లల పేర్లు అక్కడ ఉండవు. వాళ్ళను చూడాలంటే కోబారిడ్ పోవాలి. అక్కడ సెయింట్ ఆంథనీ చర్చి చుట్టూ మూడు అంతస్తుల్లో అష్టకోణంగా కట్టిన అస్థికల మందిరం ఉంది. 7,014 మంది ఇటలీ సైనికుల ఎముకలు అందులో ఉన్నాయి. దాన్ని 1938 సెప్టెంబర్‌లో ప్రారంభించింది ఎవరనుకున్నారు? ముస్సోలినీ. చనిపోయినవాళ్ళను వరుసలో నిలబెట్టి వందనం చేయించుకున్నట్టుంటుంది ఆ కట్టడం. రెండేళ్ళు తిరక్కుండానే ఆయన తన దేశాన్ని ఇంకో యుద్ధంలోకి తోశాడు. అక్కడా పేర్లున్నాయి, కాదనను. కానీ యావొర్ట్సాలో రాసినవాళ్ళకు ఆ మనుషులు తెలుసు. రాత్రి పక్కన పడుకున్నవాడి పేరు పొద్దున రాశారు.

ఇంకో సంగతి. అదే లోయలకు పైన లాగ్ పాడ్ మాంగార్టమ్ అనే ఊళ్ళో బోస్నియా ముస్లిం సైనికులు 1916లోనే ఒక మసీదు కట్టుకున్నారు, మినార్‌తో సహా. యుద్ధం తర్వాత అది మిగల్లేదు, ఫోటోలే మిగిలాయి. ఏది నిలబెట్టుకోవాలో, ఏది పోనివ్వాలో తర్వాత వచ్చినవాళ్ళే తేలుస్తారు. అక్కడా అంతే, ఇక్కడా అంతే.

ఇప్పుడు మన ఊరికొద్దాం.

మన దగ్గర ఏ స్మారకం దగ్గరికైనా పోయి శిలాఫలకం చదవండి. పైన మంత్రివర్యులు, కింద ఎంపీ గారు, ఎమ్మెల్యే గారు, ఆ కింద ఎంపీపీ, జెడ్పీటీసీ, సర్పంచ్, ఒక్కోచోట కాంట్రాక్టర్ కూడా. "గౌరవనీయులు", "వారి కరకమలములచే". ప్రభుత్వం మారితే పాత ఫలకం పక్కన కొత్త ఫలకం లేస్తుంది. ఎవరి కోసం ఆ స్తూపం కట్టారో వాళ్ళ పేరు కావాలంటే చుట్టూ తిరిగి వెతుక్కోవాలి. "అమరవీరులకు జోహార్లు" అని ఒక్క ముక్క రాసి సరిపెడతారు. ఏ అమరుడు? ఎవరి కొడుకు? ఏ వాడకట్టు?

1969 తెలంగాణ ఉద్యమం అనగానే మన నాయకులు 369 మంది చనిపోయారంటారు. మలి దశ అనగానే 1,200 మంది అంటారు. మైకు దొరికితే చాలు ఆ అంకెలు వస్తాయి. ఆ మైకు పట్టుకున్నాయనను ఆపి, అందులో పది మంది పేర్లు చెప్పు అని అడగండి. నేను పందెం కడతాను.

హనుమకొండ నుంచి భూపాలపల్లి, కాళేశ్వరం పోయేవాళ్ళంతా పరకాల మీదుగానే పోతారు. 1947 సెప్టెంబర్ 2న అక్కడ జాతీయ జెండా ఎగరేయడానికి కదిలిన జనం మీద నిజాం పోలీసులు కాల్పులు జరిపారు. 22 మంది చనిపోయారని చెప్పుకుంటారు. అమరధామం కూడా కట్టారు. మనలో ఎంతమంది బండి ఆపి లోపలికి పోయాం? ఒకప్పుడు మన వరంగల్ జిల్లాలోనే ఉన్న భైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న రజాకార్లు చేసిన ఊచకోత గురించి స్కూల్లో చదివాం. ఆ బురుజు ఇంకా నిలబడే ఉంది. బురుజు మీద నిలబడి కొట్లాడినవాళ్ళలో ఒక్కరి పేరు మన పిల్లలకు వచ్చా? గల్వాన్‌లో 2020 జూన్ 15న చనిపోయిన కల్నల్ సంతోష్ బాబు పేరు మనకు తెలుసు, మన సూర్యాపేట మనిషి కాబట్టి. ఆ రాత్రి మొత్తం 20 మంది చనిపోయారు. తక్కిన 19 మంది?

మనకు రాసే అలవాటే లేదనేవాళ్ళున్నారు. అది అబద్ధం. మన ఊళ్ళల్లో వీరగల్లులు లేవా? కింద కత్తి పట్టిన వీరుడు, పైన అతన్ని తీసుకుపోయే అప్సరసలు, ఆ పైన కైలాసం. చెరువు కట్టల మీద, గుడి వెనకాల, పొలం గట్ల పక్కన ఎన్ని పడి ఉన్నాయో. పసుపు కుంకుమ పూసి దేవుణ్ణి చేసేశాం కొన్నింటిని. కొన్నింటి మీద ఆయిల్ పెయింట్ కొట్టాం. కొన్ని వాగు దగ్గర బట్టలుతికే బండలయ్యాయి. అయినా ఊరి కోసం చచ్చినవాణ్ణి రాయి మీద నిలబెట్టాలని వందల ఏళ్ళ కిందటే అనుకున్న నేల ఇది. ఢిల్లీలో ఇండియా గేట్ మీద 13 వేలకు పైగా పేర్లున్నాయి, అది బ్రిటిష్ వాడు కట్టాడు. 2019లో కట్టిన జాతీయ యుద్ధ స్మారకంలో గ్రానైట్ మీద 25 వేలకు పైగా పేర్లున్నాయి, అది మనం కట్టుకున్నాం. అంటే చేతకాక కాదు. జిల్లాకొచ్చేసరికి, మండలానికొచ్చేసరికి మనసు రాదు.

ఈ మాట ఇద్దరు ముగ్గురు మిత్రులతో అంటే ఒకాయన, "అన్నా, పేర్లు రాస్తే లొల్లి అయితది. మా వాడి పేరు లేదంటే మా వాడి పేరు లేదంటరు. ఎవరు అమరుడు, ఎవరు కాదు అని పంచాయితీ పెడతరు" అన్నాడు. పెట్టనివ్వండి. ఆ పంచాయితీ నడిచినన్ని రోజులైనా ఆ పేర్లు జనం నోళ్ళలో నలుగుతాయి. ఒక తల్లి వచ్చి మా పిల్లగాడి పేరు మర్చిపోయారు అని అడిగితే, ఆమెకు జవాబు చెప్పాల్సిన బాధ్యత ఊరిదే. ఇప్పుడైతే ఆమె అడగడానికి కూడా ఏమీ లేదు, ఎవరి పేరూ లేదు కాబట్టి. ఇంకొకాయన పైసలు ఎక్కడివి అన్నాడు. విగ్రహాలకు ఎక్కడివి, ఫ్లెక్సీలకు ఎక్కడివి అని నేను అడిగాను. టీ తాగి లేచి పోయాడు.

కరీంనగర్ గ్రానైట్ రైలెక్కి కాకినాడ పోర్టు దాకా పోయి, అక్కడి నుంచి చైనాకు పోతుంది. గుట్టలకు గుట్టలే మాయమయ్యాయి. అందులో ఒక్క పలక మన మండలానికి మిగలదా? చెక్కేవాళ్ళు హనుమకొండలోనే ఉన్నారు, అక్షరానికి ఇంత అని లెక్క కట్టి తీసుకుంటారు. మా ఊరి స్తూపానికి వెనకవైపు ఖాళీగానే ఉంది. ఊళ్ళో ముసలివాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, అడిగితే పేర్లు చెబుతారు, ఇంటిపేర్లతో సహా. చందా వేసుకోవడానికి కూడా సిద్ధంగా ఉన్నాం. పంచాయతీలో పలుకుబడి ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే పైసా ఇవ్వక్కర్లేదు, ఆ వెనకవైపు చెక్కించుకోవడానికి పర్మిషన్ ఇప్పించండి చాలు.