పాటలో ‘నేను’ ఎవరు?

ఐస్-టీ అంటే మనకు నిమ్మరసం పిండిన చల్లటి టీ గుర్తొస్తుంది. అమెరికాలో ఆ పేరు చెబితే ఒక తరానికి రాపర్ గుర్తొస్తాడు, ఆ తర్వాతి తరానికి టీవీలో పోలీసు గుర్తొస్తాడు. పోలీసుల్ని చంపుతానంటూ సాగే పాట పాడినందుకు 1992లో ఆయన మీద పోలీసు సంఘాలే కాదు, సాక్షాత్తూ దేశాధ్యక్షుడే విరుచుకుపడ్డారు. అదే మనిషి 2000 నుంచి ‘లా అండ్ ఆర్డర్: ఎస్‌వీయూ’ సీరియల్లో న్యూయార్క్ డిటెక్టివ్ ఫిన్ టుటువోలాగా నటిస్తున్నారు. పోలీసుల్ని తిట్టినవాడే చివరికి పోలీసయ్యాడని అక్కడ అందరూ నవ్వుకుంటారు. మాకు మాత్రం అందులో నవ్వుకోవాల్సింది ఆయన్ని చూసి కాదనిపిస్తుంది.

అసలు పేరు ట్రేసీ మారో. 1958లో న్యూజెర్సీలో పుట్టారు. చిన్నప్పుడే తల్లి పోయింది, తర్వాత తండ్రి పోయాడు. లాస్‌ఏంజెలిస్‌లో మేనత్త ఇంటికి చేరారు. కొన్నేళ్లు సైన్యంలో పనిచేశారు. బయటికొచ్చాక నగల దుకాణాలు దోచానని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు. 1987లో తొలి ఆల్బమ్ వచ్చింది. వీధి ముఠాలు, పోలీసు దాడులు, పేటలో బతుకు ఎలా ఉంటుందో ‘నేను’ అంటూ చెప్పే పాటలవి. వాటన్నిటినీ వెనకేసుకురావడం మా వల్ల కాదు. ఆడవాళ్ల గురించి వాటిలో ఉన్న మాటలు ఇప్పుడు వింటే చెవులు మూసుకోవాల్సిందే. ఆడవాళ్ల మీద జరిగే నేరాల చుట్టూ తిరిగే సీరియల్ ఆయనకు ఇన్నేళ్లుగా అన్నం పెట్టడం ఇంకో విచిత్రం.

‘తిట్టినవాడే పోలీసయ్యాడు’ అనే కథలో చాలామంది తిరగేసి చెప్పే సంగతి ఒకటుంది. ఆయన పోలీసు వేషం వేసింది ముందు, ఆ పాట వచ్చింది తర్వాత. మారియో వాన్ పీబుల్స్ తీసిన ‘న్యూ జాక్ సిటీ’లో డ్రగ్స్ ముఠాను వెంటాడే డిటెక్టివ్ ఆయనే. రాప్ అభిమానులు తనను వెలేస్తారేమోనని అప్పట్లో టెన్షన్ పడ్డారట. అలాంటిదేమీ జరగలేదు. ఆ సినిమా విడుదలైంది 1991 మార్చి 8న. అంతకు అయిదు రోజుల ముందు లాస్‌ఏంజెలిస్‌లో రోడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని పోలీసులు నడిరోడ్డు మీద గొడ్డును బాదినట్టు బాదారు. పక్కింటి బాల్కనీలోంచి ఒకరు వీడియో తీయబట్టి లోకానికి తెలిసింది.

ఏడాది తర్వాత, 1992 మార్చిలో, ఐస్-టీ పెట్టిన బాడీ కౌంట్ బ్యాండ్ ఆల్బమ్‌లో ‘కాప్ కిల్లర్’ వచ్చింది. అందులో కింగ్ పేరుంది, అప్పటి పోలీస్ చీఫ్ డారిల్ గేట్స్ పేరూ ఉంది. ఏప్రిల్ 29న కింగ్‌ను కొట్టిన పోలీసులకు కోర్టులో శిక్ష పడకపోవడంతో నగరం తగలబడింది. అరవై మందికి పైగా చనిపోయారు. జూన్‌లో టెక్సాస్ పోలీసు సంఘం ఒకటి, ఆ ఆల్బమ్ వెనకున్న టైమ్ వార్నర్ కంపెనీ సరుకేదీ కొనొద్దని పిలుపిచ్చింది. జులైలో ఆ కంపెనీ వాటాదారుల సమావేశంలో నటుడు చార్ల్‌టన్ హెస్టన్ లేచి ఆ ఆల్బమ్‌లోని మాటల్ని గట్టిగా చదివి వినిపించారు. అదే నెల చివర్లో ఐస్-టీ తనంతట తానే పాటను ఆల్బమ్‌లోంచి తీయించారు. కంపెనీ ఉద్యోగులకు బెదిరింపులు వస్తున్నాయన్నారు. మరుసటి ఏడాది ఆ కంపెనీతోనే తెగిపోయింది.

విధినిర్వహణలో భర్తనో కొడుకునో పోగొట్టుకున్న పోలీసు కుటుంబానికి ఆ పాట వింటే ఒళ్లు మండుతుంది. అందులో తప్పుపట్టడానికేమీ లేదు. కానీ ఇంకో సంగతీ చూడండి. 1984లో వచ్చిన ఒక సినిమాలో ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ పోలీస్ స్టేషన్‌లోకి చొరబడి కనిపించినవాళ్లనల్లా కాల్చేశారు. జనం ఈలలేసి చూశారు. ఆ పాటను దుయ్యబట్టిన అధ్యక్షుడు జార్జ్ బుష్, అప్పటికి రెండేళ్ల ముందే ఆ నటుణ్ని తన శారీరక దారుఢ్య మండలికి అధ్యక్షుడిగా కూర్చోబెట్టుకున్నారు. పాడుతున్నది ఒక పాత్ర అని ఐస్-టీ ఎంత మొత్తుకున్నా వినిపించుకున్నవాళ్లు తక్కువ. పైగా అది రాప్ పాట కూడా కాదు, గిటార్లు దద్దరిల్లే మెటల్ పాట. పాడింది నల్లవాడు కాబట్టి అది రాప్ అయిపోయింది, రాప్ కాబట్టి నేరాంగీకారం అయిపోయింది.

మన దగ్గర ‘నర్తనశాల’లో ద్రౌపది వెంటపడిన కీచకుడికి, అంటే ఎస్వీ రంగారావుకు, జకార్తా చిత్రోత్సవంలో బహుమతి ఇచ్చారు. ఎవరూ కేసు పెట్టలేదు. వేషం వేసినవాడికి ఉన్న ఈ వెసులుబాటు పాట కట్టినవాడికి ఉండదు. ఐస్-టీ జీవితంలో ఈ తేడా ఒక్క మనిషిలోనే కనిపిస్తుంది. మైకు ముందు ‘కాలుస్తా’ అంటే దేశం వణికింది. కెమెరా ముందు తుపాకీ పట్టుకుంటే వారం వారం జీతం ఇచ్చింది. నాలుగు ఎపిసోడ్ల కోసమని పిలిచిన మనిషి పాతికేళ్లు దాటినా అక్కడే ఉన్నారు. పోలీసుల్ని దేవుళ్లుగా చూపించే సీరియళ్లలో ఇదీ ఒకటనీ, రాజీపడి పోలీసుల పక్షం చేరాడనీ విమర్శించేవాళ్లున్నారు. సీరియల్ గురించి ఆ మాటలో కొంత నిజం ఉంది. రాజీ సంగతి మాత్రం మేం ఒప్పుకోం. బాడీ కౌంట్ ఇప్పటికీ పాడుతోంది. 2021లో మెటల్ విభాగంలో గ్రామీ గెలిచింది.

ఐస్-టీకి పోయింది ఒక పాట, ఒక కంపెనీ. అంత పేరు లేని కుర్రాళ్లకు జైలే. అమెరికా కోర్టుల్లో రాప్ పాటల్ని ప్రాసిక్యూటర్లు సాక్ష్యంగా చదివి వినిపించడం మామూలైపోయింది. రాపర్ యంగ్ థగ్ మీద అట్లాంటాలో నడిచిన కేసులో, కొన్ని పాటల పంక్తుల్ని జ్యూరీ ముందు పెట్టొచ్చని 2023 నవంబర్‌లో జడ్జి అన్నారు. పాటను సాక్ష్యంగా ఒప్పుకునే ముందు అది జాతి పక్షపాతాన్ని రెచ్చగొడుతుందేమో తూచి చూడాలని కాలిఫోర్నియా 2022లో చట్టం చేసింది. ఫెడరల్ (కేంద్ర) కోర్టులకు వర్తించే బిల్లు అదే ఏడాది ప్రతినిధుల సభకు వచ్చింది గానీ ఆ సభ గడువులోగా గట్టెక్కలేదు. దాన్ని ఆమోదించాలని ఈ పత్రిక కోరుకుంటోంది.

ఎక్కడి అమెరికా, మనకెందుకు ఈ గొడవ అనేవాళ్లు 1974 నాటి సికింద్రాబాద్ కుట్ర కేసును గుర్తుచేసుకోవచ్చు. అందులో ముద్దాయిల్లో విరసం (విప్లవ రచయితల సంఘం) రచయితలూ ఉన్నారు. వాళ్ల కవిత్వమే వాళ్ల మీద సాక్ష్యం. కేసు 1989లో కొట్టేశారు. అప్పటికి ముద్దాయిల్లో ఒకరైన చెరబండరాజు చనిపోయి దాదాపు ఏడేళ్లయింది.