మామిడికాయ లోడవుతోంది

డ్రాయింగ్ మాస్టారుగా ఇరవై రెండేళ్ళు పనిచేశాక ఈ మధ్యనే నాకు జ్ఞానోదయమైంది. ఇన్నాళ్ళూ పిల్లలకి అన్యాయం చేశాను. బల్ల మీద మామిడికాయ పెట్టి "చూసి గీయండర్రా" అన్నాను. మామిడికాయను చూపించడానికి మామిడికాయనే వాడటం ఎంత వెనకబాటుతనమో మొన్న మూడు రోజుల శిక్షణలో కూర్చునేదాకా తట్టలేదు.

ఇకమీదట మేం మాస్టార్లం కాదు, ఫెసిలిటేటర్లం అని అక్కడ చెప్పారు. తేడా ఏమిటో నాకు అర్థం కాలేదు. భోజనాల దగ్గర పక్క మండలం మాస్టారు విడమరిచి చెప్పారు: "మాస్టారైతే గీసి చూపిస్తాడు. ఫెసిలిటేటరైతే ప్లే నొక్కుతాడు." ఆయన డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రెండూ ఒక్క దెబ్బకు పాసైన మనిషి. ఆ చేత్తో ఇప్పుడు బాగానే నొక్కుతున్నారట.

మా బడికి పెద్ద టచ్ ప్యానెల్ వచ్చింది. తాకితే పలుకుతుంది. ఒక్కోసారి తాకకపోయినా పలుకుతుంది. దాన్ని పెట్టిన గోడకి ఎదురుగా కిటికీ ఉంది. కిటికీలోంచి ఎండ పడితే తెర మీద మా మొహాలు తప్ప ఏమీ కనపడవు. అందుకని కిటికీ మూసేశాం. ఆ కిటికీ అవతల కొత్తపల్లి కొబ్బరి మామిడి చెట్టుంది, ఈ ఏడు విరగకాసింది. ఆ చెట్టు కంట పడకుండా రెక్కలు బిగించి, గది చీకటి చేసి, నలభై మంది పిల్లలకి తెర మీద మామిడికాయ చూపించాను. ఇంత నాణ్యమైన బోధన నా సర్వీసులో ఎన్నడూ చేయలేదు.

తెర మీద కాయ ఎర్రబుగ్గలతో, పౌడరు రాసుకుని పెళ్ళిచూపులకి కూర్చున్నట్టుంది. రెండో బెంచీ కుర్రాడు లేచి "సార్, ఇది ఆవకాయకి పనికొస్తుందా?" అన్నాడు. పాఠంలో ఆ ప్రశ్న లేదు కాబట్టి కూర్చోమన్నాను. ఇంతలో నెట్ నెమ్మదించి, కాయ సగంలో ఆగిపోయి, దాని మీద ఓ చక్రం గిరగిరా తిరగడం మొదలెట్టింది. నేను వైరు పీకి పెట్టి, రౌటరుకి దణ్ణం పెట్టి వెనక్కి తిరిగేసరికి పిల్లలు దీక్షగా గీసుకుంటున్నారు. వెళ్ళి చూద్దును కదా, అందరి పుస్తకాల్లోనూ ఆ చక్రమే! కంపాస్ లేకుండా చేత్తో వృత్తం గీయడం మామూలు విద్య కాదు. ఆ రోజు ముప్ఫై మందికి వచ్చింది. అభ్యసన ఫలితాల కాలమ్‌లో ఆ సంగతే రాసుకున్నాను.

రంగుల పాఠం దగ్గర చిన్న తగాదా వచ్చింది. నీలం, పసుపు కలిపితే ఆకుపచ్చ అవుతుందని నేను ప్లేటులో కలిపి చూపించేవాణ్ణి. ట్యాబులో ఆడుకొచ్చిన పిల్ల ఒకతి నిలబడి, "ఎరుపు, ఆకుపచ్చ కలిపితే పసుపు వస్తుంది సార్" అంది. నేను వాటర్ కలర్లు తీసి కలిపితే చెరువు బురద వచ్చింది. ఆ పిల్ల ట్యాబులో చూపిస్తే నిజంగానే పసుపు వచ్చింది. ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తెర రంగులు వెలుతురుతో చేసినవి, ఎన్ని కలిపితే అంత తెల్లబడతాయి. డబ్బాలో రంగులు వెలుతురుని మింగుతాయి, కలిపిన కొద్దీ నల్లబడతాయి. ఈ ముక్క చెప్పడానికి నాకు రెండు పీరియడ్లు పట్టింది. రెండో పీరియడ్ సగంలోనే లెక్కల మాస్టారు తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డారు.

ఆయన గురించి కూడా చెప్పాలి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చినప్పుడు, ఆరు నుంచి ఎనిమిది దాకా తరగతుల్లో వంద మందికి మించి పిల్లలుంటే కళావిద్యకు ఒక పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలని రాశారు. 2020లో వచ్చిన జాతీయ విద్యావిధానం, కళను మిగతా సబ్జెక్టులతో కలిపి చెప్పమంది. మొదటి మాట సంగతి అలా ఉంచితే, రెండోదాన్ని మా బడిలో తు.చ. తప్పకుండా పాటిస్తున్నది లెక్కల మాస్టారే. వారానికి రెండుసార్లు నా పీరియడ్‌ని తన పీరియడ్‌లో కలిపేసుకుంటారు. "త్రిభుజాలు గీయిస్తున్నా మాస్టారూ, అదీ డ్రాయింగే కదా!" అంటారు. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. నిజానికి మాస్టారుని వేయడం కంటే ప్యానెల్ పెట్టడమే సుఖం. దానికి పీఆర్సీ లేదు, డీఏ బకాయిలు లేవు, బదిలీల్లో భార్యాభర్తల పాయింట్లు అడగదు.

ఇంకో గొప్ప సౌకర్యం అన్‌డూ. తప్పు గీత గీస్తే ఒక్క నొక్కుతో మాయమవుతుంది. నా రోజుల్లో రబ్బరుతో చెరిపితే కాగితం మీద మచ్చ మిగిలేది. ఆ మచ్చని ఏం చెయ్యాలో తోచక దాన్నే మబ్బుగా మార్చేవాళ్ళం. ఇప్పటి ఆకాశాల్లో మబ్బుల్లేవు. ఈ లెక్కన శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళని తలుచుకుంటే జాలేస్తుంది. కరక్కాయ నీళ్ళలో, పాలలో తడిపి ఆరేసిన బట్ట. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము కలిపి రోజుల తరబడి ఊరబెట్టి తీసిన కషాయం. వెదురుపుల్లకు గుడ్డ చుట్టిన కలం. ఆ కలం బట్టకి తగలగానే కరక్కాయ, ఇనుము కలిసి గీత నల్లగా దిగబడిపోతుంది. ఇక దాన్ని రబ్బరు కదపలేదు, సబ్బు కదపలేదు. వెనక్కి వెళ్ళే బటన్ లేదు కాబట్టి పాపం వాళ్ళు గీయబోయే ముందు ఆలోచించాల్సి వస్తోంది. అంత టెన్షన్ పిల్లలకి మంచిది కాదు.

హోంవర్కులో వచ్చిన ప్రగతి మరీ చెప్పుకోదగ్గది. "వానలో మా వీధి" అని పోటీ పెట్టాం. ఎనిమిదో తరగతి కుర్రాడు ఏఐ చేత వేయించుకొచ్చిన బొమ్మ చూస్తే నాకే నోట మాట రాలేదు. రాళ్ళు పరిచిన నున్నటి వీధి, రెండు వైపులా గాజు దీపాలు, గొడుగు పట్టుకుని నడుస్తున్న ఒక అమ్మాయి, ఆ గొడుగు పట్టిన చేతికి ఆరు వేళ్ళు. దుకాణం బోర్డు మీద అక్షరాలు దూరం నుంచి తెలుగులా, దగ్గరికెళ్తే కన్నడంలా, ఇంకా దగ్గరికెళ్తే జిలేబీల్లా ఉన్నాయి.

"మీ వీధిలో ఈ దీపాలెక్కడున్నాయిరా?" అన్నాను.

"లేవు సార్. ఉంటే బాగుంటుంది కదా!"

వాడన్నదీ నిజమే. మా పంచాయతీ పదేళ్ళుగా వెలిగించలేకపోయిన వీధిని ఆ యంత్రం పది సెకన్లలో వెలిగించింది. మొదటి బహుమతి దానికే ఇచ్చారు. అదే పోటీకి ఏడో తరగతి పిల్ల ఒకతి మోకాలి లోతు నీళ్ళూ, తేలిపోతున్న ఒంటి చెప్పూ, అరుగు మీద ముడుచుకున్న కుక్కా గీసుకొచ్చింది. నీటుగా లేదని కన్సొలేషన్ ఇచ్చారు.

యంత్రాన్ని ఒక్కదాన్నే ఆడిపోసుకుంటే కళ్ళు పోతాయి. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన గుడిసె, ఒక కొబ్బరిచెట్టు, పైన నాలుగు టిక్కుల్లాంటి కాకులు. ఈ బొమ్మ ఏ ఏఐ నేర్పింది? మా మాస్టార్లమే నేర్పాం. కోనసీమలో పుట్టి కొండ మొహం చూడని పిల్లలు కూడా బొమ్మ గీయమంటే రెండు కొండలు గీస్తారు. ఆ పిల్లలకి వాళ్ళ కాలవ గట్టు చూపించి గీయమని చెప్పిన మాస్టార్లు ఎంతమందిమి? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఆరు వేళ్ళ చేయి కూడా అక్కర్లేదు.

చూపించినవాళ్ళు లేకపోలేదు. నూరేళ్ళ కిందట రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే తన చుట్టూ ఉన్న ఊళ్ళనీ మనుషుల్నీ తనే బొమ్మలు వేసేవాడు, కుర్రాళ్ళని వేయమనేవాడు. ఆ ప్రోత్సాహంతోనే చిత్రకారుడు దామెర్ల రామారావు బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలు దాకా వెళ్ళాడు, తిరిగొచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు. 1925లో, ముప్ఫై నిండకుండానే పోయాడు. ఆ కొద్ది జీవితంలో ఒక్క పాస్‌వర్డ్ కూడా మర్చిపోయి ఉండడు.

ప్యానెల్ వల్ల మేలు లేదంటే అబద్ధమవుతుంది. ఒకరోజు లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు బొమ్మలు తెర మీద పెట్టాను. పదహారో శతాబ్దం నాటివి. మా పిల్లలు అక్కడికి వెళ్ళాలంటే రాత్రంతా ప్రయాణం, వెళ్ళినా మెడ విరుచుకుని చూడాలి. ఇక్కడ వేలితో లాగితే ఆడవాళ్ళ చీర అంచులు బారెడు పెరిగాయి. ఒక పిల్ల లేచి వచ్చి ఆ అంచు డిజైను వెంట వేలు పోనిస్తూ, "ఇది మా అమ్మమ్మ చీర మీద ఉంది సార్" అంది. నా ఒళ్ళు జలదరించింది. సరిగ్గా అప్పుడే తెర నీలమైపోయి, అప్‌డేట్ జరుగుతోంది, ఆపవద్దు అంది. ఆపలేదు. బెల్లు కొట్టేసరికి ముప్ఫై నాలుగు శాతం అయింది.

ఇక మిగిలింది అప్‌లోడు. బొమ్మ గీస్తే చాలదు, ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి. ఫైలు 200 కేబీ దాటకూడదు. ఏడో తరగతి పిల్ల వేసిన సాయంకాలపు ఆకాశాన్ని 200 కేబీకి కుదిస్తే గళ్ళ లుంగీలా తయారైంది. మార్కులు ఆ లుంగీకి పడ్డాయి. లాగిన్‌కి ఓటీపీ వాళ్ళ నాన్న ఫోన్‌కి వెళ్తుంది. ఆయన హైదరాబాదులో పరంజా మీద ఉంటాడు. మధ్యాహ్నం అన్నానికి దిగాక ఫోన్ చేసి నంబరు చెప్తాడు, అప్పటికి దాని గడువు అయిపోతుంది. "మళ్ళీ పంపమను తల్లీ, ఈసారి దిగే ఉంటాను" అంటాడట. కూతురి బొమ్మ మాత్రం ఆయన ఇంతవరకూ చూడలేదు.

పోయిన వారం సంగతి చెప్పి ఆపుతాను. ఒంటిపూట బడులు. ఉక్కపోత. పాఠం మొదలెట్టగానే కరెంటు పోయింది. చీకట్లో ఎవరికి ఎవరూ కనపడక కిటికీ తీయాల్సి వచ్చింది. తీయగానే పిల్లలందరూ ఒక్కసారిగా "ఓహ్" అన్నారు. నేను వద్దనేలోపే రెండో బెంచీ కుర్రాడు కిటికీలోంచి చెయ్యి చాపి గుత్తి తెంపి బల్ల మీద పెట్టాడు. ముచ్చిక దగ్గర జీడి కారుతోంది. సరేనని గీయమన్నాను. ఇరవై నిమిషాలు గదిలో పెన్సిళ్ళ చప్పుడు తప్ప మరేం లేదు. కాయ ఒక పక్క చదునుగా ఉంటుందని ఒకడు, కింద ముక్కు ఉంటుందని ఇంకొకడు, పుస్తకాలు తిప్పుకుని దెబ్బలాడుకున్నారు. కరెంటు వచ్చి నేను ఫోటో తీద్దామని లేచేసరికి బల్ల మీద టెంకలూ, కాగితం పొట్లంలో కాసింత ఉప్పూకారం ఉన్నాయి.

బోధనోపకరణం స్థితి నమోదు చేయమని యాప్ అడిగింది. మూడే అవకాశాలిచ్చింది: పనిచేస్తోంది, పనిచేయడం లేదు, మరమ్మతులో ఉంది. 'తినేశారు' అనేది లేదు. చాలాసేపు ఆలోచించి 'మరమ్మతులో ఉంది' నొక్కాను. రేపు ఎవరో టెక్నీషియన్ వస్తాడట.