14,000 కిలోమీటర్లు సరే, హెబ్బాళ దాటేదెప్పుడు?

ఫోన్‌లో కొడితే క్షణంలో చెబుతుంది: బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి దాదాపు 14,000 కిలోమీటర్లు, ఎక్కడా ఆగకపోతే 16, 17 గంటలు. పిల్లల్ని అమెరికా పంపిన తెలుగిళ్లలో ఈ లెక్క నోటికొచ్చినవాళ్లే ఎక్కువ. నన్నడిగితే అది సగం లెక్కే. ప్రయాణం మొదలయ్యేది రన్‌వే మీద కాదు, ఇంటి గేటు దగ్గర.

2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఎయిర్ ఇండియా తొలి నాన్‌స్టాప్ బెంగళూరులో దిగింది. పైలట్లంతా మహిళలు, దారేమో ఉత్తర ధ్రువం మీదుగా. పిల్లల గ్లోబు మీద ఈ రెండూళ్ల మధ్య దారం బిగించి చూడండి, దానంతటదే ధ్రువం వైపు జరుగుతుంది. టీవీల్లో ఎంత హడావుడో గుర్తుంది కదా?

అదే నెలలో బెంగళూరు దేవనహళ్లి విమానాశ్రయం పక్కన ఓ చిన్న రైల్వే హాల్ట్ కూడా తెరిచారు. యలహంక నుంచి చిక్కబళ్లాపురం పోయే లైను మీద. దిగితే టెర్మినల్‌కి బస్సు. టికెట్టు ధర టాక్సీ బిల్లు ముందు లెక్కలోకే రాదు. కానీ ఆగే రైళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నా దృష్టిలో ఆ నెల అసలు వార్త అదే, ఎవరికీ పట్టలేదు.

మొన్న మా పిన్ని, తన కూతురి పురిటికి అమెరికా వెళ్లింది. హిందూపురంలో కాటా మీద సూట్‌కేసు 23 కిలోలు దాటితే ఆవకాయ డబ్బా తీసి, మనసొప్పక మళ్లీ పెట్టి, రెండు చీరలు తీసేసిందట. రాష్ట్రం దాటి గంటన్నరలో ఎయిర్‌పోర్టులో ఉంది. సాగనంపుదామని బెంగళూరులోనే మారతహళ్లిలో బయల్దేరిన మేము రింగ్ రోడ్డు మీద, తర్వాత ఎయిర్‌పోర్టు దారిలో ట్రాఫిక్ బిగుసుకునే హెబ్బాళ ఫ్లైఓవర్ కింద కూర్చుని, రెండుంబావు గంటలకి చేరాం. అప్పటికే లోపలికెళ్లిపోయింది.

నాన్‌స్టాప్ గొప్పదే, కాదనను. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకి మధ్యలో ఇంకో దేశంలో దిగి గేటు వెతుక్కునే టెన్షన్ తప్పుతుంది. అది చిన్న విషయం కాదు.

కానీ జెట్ విమానాల వేగం అరవై ఏళ్లుగా గంటకి 900 కిలోమీటర్ల దగ్గరే ఉండిపోయింది. పైన ఇక మిగుల్చుకునేది పెద్దగా లేదు. మిగుల్చుకోవాల్సిందంతా కిందే ఉంది. చెన్నైలో విమానాశ్రయానికి ఎదురుగానే తిరుసూలం లోకల్ స్టేషన్, 2016 నుంచి మెట్రో కూడా. బెంగళూరు 2008లో ఊరికి ముప్పై అయిదు కిలోమీటర్ల అవతల విమానాశ్రయం కట్టి, రోడ్డు వేసి చేతులు దులుపుకుంది. రైలంటే పేదవాళ్ల బండి అన్న చిన్నచూపు మన ప్లానింగ్‌లో అంతటా ఉంది. ఫ్లైఓవర్‌కి దొరికినంత సులువుగా రెండో రైలు పట్టాల లైనుకి డబ్బు దొరకదు. ఆ హాల్ట్‌లో అరగంటకో రైలు ఆపి చూపించండి, తర్వాత మాట్లాడదాం నాన్‌స్టాప్‌ల గురించి.

తిరిగొచ్చేటప్పుడు మా ఇంట్లో రెండ్రోజులుండి వెళ్లమని పిన్నికి ఫోన్ చేశాను.

"దిగీదిగగానే హిందూపురం పోతాలేరా, మీ ఇల్లు దూరం" అంది.