ఎక్కువమందిని అడిగితే చాలా?

సర్వేలు, సామాజిక పరిశోధనల గురించిన వ్యాసంలో "ఎంత ఎక్కువమందిని అడిగితే అంత నిజం" అన్న మాట దగ్గర ఆగిపోయానండి. 1936 అమెరికా ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపితే 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి లాండన్‌దే గెలుపని రాసేసింది. తీరా చూస్తే అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్టే 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు! చిరునామాలు చాలావరకు టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసినవి. ఆ మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఎవరింట్లో ఉంటాయో వేరే చెప్పాలా? పైగా పనిగట్టుకుని జవాబు పంపేది ఎవరన్నది ఇంకో తిరకాసు.

పరిశోధనలో నైతికతను మాత్రం ఆ వ్యాసంలో రెండు ముక్కల్లో తేల్చేశారు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త లాడ్ హంఫ్రీస్ సంగతే చూడండి. 1960ల్లో పబ్లిక్ టాయిలెట్లలో లైంగిక సంబంధాల కోసం రహస్యంగా కలుసుకునే మగవాళ్లను గమనించి, వాళ్ల కార్ల నంబర్లు రాసుకుని, ఏడాది తర్వాత వేషం మార్చి ఆరోగ్య సర్వే పేరుతో ఇళ్లకే వెళ్లాడు. వాళ్లలో సగానికి పైగా పెళ్లైనవాళ్లేనని తేలింది, కొన్ని అపోహలు పోయాయి, ఒప్పుకుంటాను. కానీ ఆ నంబర్ల కాగితం ఎవరి చేతికైనా చిక్కి ఉంటే? ఉద్యోగాలు, కాపురాలు ఏమయ్యేవి? ముందే అడిగితే ఎవరూ ఒప్పుకోరు కాబట్టి అసలు అడగనే అక్కర్లేదనడం నాకైతే మింగుడుపడదు.