కిటికీల పంపకం

హనుమకొండలో ఇంజనీరింగ్ చదివే కుర్రవాడికి మూడో సంవత్సరంలో ఒక జ్ఞానోదయం కలుగుతోంది: మౌస్ పట్టినవాడు మనిషే కాడని. ఆ జ్ఞానం సొంత కంప్యూటర్‌తో ఆగితే బాగుండేది. కనబడ్డ ప్రతి కంప్యూటర్‌లోనూ లినక్స్ మీద నడిచే ఐ3 అనే టైలింగ్ విండో మేనేజర్, అంటే తెర మీది కిటికీలను (విండోలను) పలకల్లా పక్కపక్కన పేర్చే ప్రోగ్రాము, ఎక్కించి పోతున్నాడు. ఇందులో కిటికీలు ఒకదాన్నొకటి కప్పవు. కొత్తది తెరిచిన ప్రతిసారీ పాతవి జరిగి చోటివ్వాలి. 1985 నాటి విండోస్ 1.0లోనూ ఇదే పద్ధతి. 1987లో రెండో వెర్షన్‌తో మైక్రోసాఫ్ట్ వదిలించుకున్న అవస్థను మనవాడిప్పుడు విప్లవమంటున్నాడు.

చౌరస్తా దగ్గరి ఒక డీటీపీ సెంటర్‌లో, అదీ పెళ్లిళ్ల సీజన్‌లో, ఈ విప్లవం జరిగింది. తెర వెడల్పు 1366 పిక్సెళ్లు. పెళ్లిపత్రిక, పెళ్లివారిచ్చిన మ్యాటరు, ఫొటోల ఫోల్డరు పక్కపక్కన చేరేసరికి ఒక్కోదానికి దక్కింది 455. వరుడు కనబడితే వధువు కనబడదు; వధువు దాకా జరిపితే ముహూర్తం తెర దాటిపోతుంది.

"తమ్మీ, గిది మూసే గుర్తేది?" అని ఆపరేటరమ్మ అడిగింది.

"గుర్తుండదక్కా, మాడ్ షిఫ్ట్ క్యూ కొట్టు."

కొట్టింది (మాడ్ అంటే ఇందులో విండోస్ కీ గానీ ఆల్ట్ కీ గానీ). ఐ3లో మౌస్ బాణం ఏ కిటికీ మీదికి జరిగితే పెత్తనం దానిదే కనుక, మ్యాటరు మూయబోతే ఫొటోలు మూతబడ్డాయి. ఒక్కోదాన్ని ఒక్కో వర్క్‌స్పేస్‌లో, అంటే మార్చి మార్చి చూసుకునే విడి తెరలో, పెట్టుకొమ్మని అతని తరుణోపాయం. మ్యాటరు చూస్తూ పత్రిక కూర్చేవారికి రెండూ ఒకేసారి కనబడకపోతే ఎందుకా తెర?

"అక్కకు నేర్చుకునే ఓపిక లేదు" అని తీర్పిచ్చి బండెక్కాడు. ఓపికా? పొద్దంతా జనానికి ఆధార్ జిరాక్సులు తీస్తూ, మధ్యలో కీబోర్డు వైపు చూడకుండా తెలుగు టైపు చేసే మనిషికా ఓపిక లేనిది? వాల్‌పేపర్ మార్చి స్క్రీన్‌షాట్ తీసుకోవడం తప్ప ఆ కంప్యూటర్‌తో ఏ పనీ లేనివాడు, నలుగురికి అన్నం పెట్టే కంప్యూటర్‌ను అడక్కుండా ముట్టుకోవడమేమిటి?

టెర్మినల్, ఎడిటర్, బ్రౌజర్ పక్కపక్కన పెట్టుకుని రోజంతా కోడ్ రాసేవారికి, వెడల్పాటి తెర ఉన్నవారికి ఇది నిజంగానే సుఖం. సెట్టింగులన్నీ టెక్స్ట్ ఫైలులో రాసుకునే సరదా కూడా ఉండాలి. ఇదే కోవకు చెందిన డీడబ్ల్యూఎం అయితే సెట్టింగులను సీ భాషలో మార్చి మళ్లీ కంపైల్ చేయాలి. అనుమానముంటే ముందు ఇప్పుడున్న విండోస్‌లోనే విండోస్ కీ, బాణం కీ కలిపి నొక్కి, కిటికీలను చెరో సగానికి నెట్టి కొన్నాళ్లు పనిచేయండి. విసుగు రాకపోతే నిరభ్యంతరంగా ఐ3 వేసుకోండి, మీ ఇంట్లో, మీ కంప్యూటర్‌లో.