ఎముక గారికి, సొర తరఫున

మహారాజశ్రీ ఎముక గారికి,

ఉభయకుశలోపరి. పెద్దవాళ్ల ఒంట్లో 206 కుర్చీలు ఆక్రమించి కూర్చున్న మీకు ఉత్తరాలు చదివే తీరిక ఉండదు. అయినా ఒక మాట చెవిన వేయాలి. చెవి అంటే గుర్తొచ్చింది, ఆ చెవి డొప్పలో మీరు లేరు. ముక్కు కొసలోనూ లేరు. అక్కడున్నది మృదులాస్థి, మోకాళ్ల డాక్టరు దగ్గర జనం ‘గుజ్జు’ అనేది. ఆ గుజ్జుతోనే ఒళ్లంతా కట్టుకున్న చేప సొర, అదే షార్క్. దాత చేతికి ఎముక లేదని మెచ్చుకుంటారు మనవాళ్లు. దీనికి ఒంట్లోనే లేదు, దానగుణం మాత్రం ఇంతవరకు బయటపడలేదు.

మెత్తనిదేగా అని పెదవి విరవకండి. సొర తన గుజ్జు పైపొరను చిన్న చిన్న గట్టి పలకలతో, మొజాయిక్ గచ్చులా పరుచుకుంటుంది. చాలా పలకల వెడల్పు మిల్లీమీటరు లోపే. పలకకీ పలకకీ మధ్య నార పోగులు, అందుకే చట్రం వంగుతుంది. పెద్ద సొరల దవడల్లో ఈ పలకలు వరస మీద వరస ఉంటాయి. ముడిసరుకు మీ దుకాణంలోదే, కాల్షియం ఫాస్ఫేటు. మేస్త్రీ పనే వేరు.

ఆ గుజ్జు బరువు మీలో దాదాపు సగం. అది సోకు కాదు, అవసరం. మిగతా చేపల్లో చాలావాటికున్న గాలితిత్తి సొరకు లేదు. తేలికైన చట్రం, నూనె నిండిన పెద్ద కార్జం, ఈ రెండూ లేకపోతే అది అడుగుకు జారిపోతుంది.

రక్తం తయారీ మీ మజ్జ శాఖ సొంతమనుకుంటున్నారా? సొరకు మజ్జ లేదు. ఆ పని ప్లీహం చూసుకుంటుంది. చాలా జాతుల్లో అన్నవాహిక గోడలోని లేడిగ్ అవయవం, బీజకోశాల పక్కనుండే ఎపిగోనల్ అవయవం చేయి వేస్తాయి. హెడ్డాఫీసు ఎత్తేసినా ఫైలు ఆగలేదు.

దవడ దగ్గర మీ పట్టుదల మరీ ఎక్కువ. మనిషి పైదవడను పుర్రెకు అతికించేశారు. సొర పైదవడ బంధకాలతో వేలాడుతుంది, కరిచేటప్పుడు ముందుకు చాచుకుంటుంది. పళ్లకు దవడలో గుంటలు లేవు. చిగుళ్ల పొరలో నాటుకుని, వెనక వరస ముందుకు జరుగుతూ జీవితాంతం కొత్తవి వస్తాయి. మీ రాజ్యంలో పాలపళ్లు 20, ఆ తర్వాత 32. అవీ ఊడితే కట్టుడు పళ్లే.

ఒడ్డు మీద గెలుపు మీదే, ఒప్పుకుంటాం. మీకు 12 జతల పక్కటెముకలు. సొరకు గుండెను, కార్జాన్ని చుట్టుకాచే ఆ పంజరం లేదు. నీళ్లలోంచి తీస్తే దాని బరువే దాని పేగుల్ని నలిపేస్తుంది. ఎప్పుడో అంతరించిపోయిన మెగలోడాన్ అంత భారీ సొర కూడా మ్యూజియాలకు మిగిల్చింది ఎక్కువగా పళ్లు, కొన్ని వెన్నుపూసలు. దాని పొడవెంతో పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

కోస్తా వంటింట్లో మాత్రం మీకు పరువు లేదు. బాలింతకు పాలసొర పెట్టేది ముల్లు గుచ్చుకోదనే ధీమాతో కూడా. ఉప్పుకాగితంలాంటి దాని తోలును వేడినీళ్లు పోసి గీరేయాలి. పసుపేసి ఉడికించి, నడిమి గుజ్జు కాడ లాగేస్తే కండ పొడిపొడిగా రాలుతుంది. మనిషి కిడ్నీలు పారబోసే యూరియాను సొర ఒంట్లోనే దాచుకుంటుంది, సముద్రపు ఉప్పును తట్టుకోవడానికి. చచ్చాక క్రిములు దాన్ని అమోనియాగా మారుస్తాయి. మంచు తగలడం ఆలస్యమైతే ముక్కు పగిలే ఘాటు. అప్పుడు ఎంత మసాలా దట్టించినా దండగే.

ఇంతకీ ఎవరు ముందు? తల్లి కడుపులో మీలో చాలామంది గుజ్జుగానే మొదలవుతారు, కాబట్టి సొర మీ పాత నమూనా అని ఇన్నాళ్లూ ప్రచారం. 2020లో మంగోలియా నుంచి మిన్జినియా అనే చేప శిలాజం వివరాలు వచ్చాయి, వయసు దాదాపు 41 కోట్ల ఏళ్లు. సొరలూ ఎముక చేపలూ వేరుపడకముందే చీలిన వంశం దానిది, పుర్రె లోపల ఎముక ఉంది. అంటే సొరల పూర్వీకులకు మీరు తెలుసు, తర్వాతే మిమ్మల్ని సాగనంపి ఉంటారు.

వయసు ధ్రువపత్రం సంగతొకటి. చాలా సొరల వెన్నుపూసల్లో చెట్టు మానులోలా వలయాలుంటాయి. గ్రీన్‌లాండ్ సొర పూస మరీ మెత్తన, వలయాలు దొరకవు. 2016లో కంటి కటకం చూసి లెక్కకట్టారు. అన్నిటికన్నా పెద్దదానికి కనీసం 272 ఏళ్లు. గుజ్జు అరిగిందని అది ఏ డాక్టరు గుమ్మమూ తొక్కలేదు. మీరు యాభై దాటకముందే మెట్ల దగ్గర ‘అమ్మా’ అనిపిస్తారు.

జవాబుకు తొందరేం లేదు. మోకాలు సర్దుకున్నాక రాయండి.

ఇట్లు,
సొర పూసలు కోసి వలయాలు లెక్కపెట్టేవాళ్లం