నైసియాలో ఓట్లేసి యేసును దేవుణ్ని చేశారా?

“యేసును మొదట్లో అందరూ ప్రవక్తగానే చూశారు. 325లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ నైసియాలో (ఇప్పటి టర్కీలోని ఊరు) బిషప్పులతో ఓట్లు వేయించి ఆయన్ని దేవుణ్ని చేశాడు. బైబిల్ పుస్తకాలు ఏరింది కూడా అక్కడే.” క్రైస్తవ-ముస్లిం వాదన మొదలైతే చాలు, వాట్సాప్‌లో ఈ మెసేజ్ వచ్చి పడుతుంది. సభ జరిగింది, చక్రవర్తే పిలిచాడు. మిగతాది నిలబడదు.

మొదట “అందరూ ప్రవక్తగానే” అన్న మాట. సభకు రెండు వందల ఏళ్ల ముందు, సుమారు 112లో, ప్లినీ అనే రోమన్ గవర్నర్ ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. క్రైస్తవులు తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవుడిగా కీర్తిస్తూ పాడుతున్నారని అందులో ఉంది. రాసినవాడు వాళ్లను విచారించి శిక్షించిన మనిషి, వాళ్ల తరఫున అబద్ధమాడే అవసరం లేదు. అలాగని అందరూ దేవుడనే నమ్మారనడమూ తప్పే. యేసును మనిషిగానే చూసిన ఎబియోనీయులు ఉన్నారు. రెండో శతాబ్దంలో ఇరేనియస్ అనే బిషప్ వాళ్లను ఖండించాడు.

నైసియాలో గొడవ యేసు ప్రవక్తా, దేవుడా అన్నది కానే కాదు. కుమారుడు సృష్టికి ముందే ఉన్నాడని, లోకం ఆయన ద్వారానే కలిగిందని ఆ గొడవకు మూలమైన అలెగ్జాండ్రియా మతగురువు అరియస్ కూడా ఒప్పుకున్నాడు. కాకపోతే తండ్రే ఆయన్ని సృష్టించాడన్నాడు. తండ్రీ కుమారులది ఒకే సారం అన్నది అవతలివాళ్ల మాట. కొందరు అరియస్‌ను ఇస్లాంకు ముందున్న ముస్లింలా చూపిస్తారు. ఖురాన్‌లోని ఈసా (యేసు) మర్యమ్ కుమారుడు, ప్రవక్త. లోకం ఆయన ద్వారా కలగలేదు. ఈ రెంటికీ పొంతనే లేదు.

ఇక ఓట్లు. సభ ఆమోదించిన విశ్వాస ప్రకటనపై చివరిదాకా సంతకం పెట్టని బిషప్పులు ఇద్దరే. వాళ్లనూ అరియస్‌నూ దూర ప్రాంతానికి వెళ్లగొట్టారు కాబట్టి రాజు ఒత్తిడి లేదనలేం. కానీ అదే రాజు తర్వాత అరియస్‌ను వెనక్కి పిలిపించి, 335లో అతని ప్రత్యర్థి అథనాసియస్‌ను వెళ్లగొట్టాడు. 337లో చనిపోయే ముందు బాప్తిస్మం తీసుకున్నది అరియస్‌ను వెనకేసుకొచ్చిన బిషప్ చేతుల మీదుగా! కాన్‌స్టంటైన్ తర్వాత ఏలిన కొడుకు కాన్‌స్టాంటియస్ కూడా నైసియా పక్షం కాదు. 381 కాన్‌స్టాంటినోపుల్ సభ దాకా ఈ పోరు నడిచింది.

బైబిల్ పుస్తకాల జాబితాను నైసియా తేల్చలేదు. కొత్త నిబంధన 27 పుస్తకాలతో, అవి మాత్రమే ఉన్న మొదటి జాబితా 367లో అథనాసియస్ రాసిన పండుగ లేఖలో కనిపిస్తుంది.

అసలు ముస్లింల వాదనకు ఈ కథతో పనే లేదు. అల్లాహ్‌కు కుమారుడు ఉండడని వాళ్లు నమ్మేది ఖురాన్ 4:171 చెప్పిందని, నైసియాలో ఎవరో ఓటేశారని కాదు.